మరుగున పడిన క్యూబా సిగార్ బ్రాండ్ల ఆచూకీ: తరచుగా అడిగే ప్రశ్నలు

పాత సిగార్ పెట్టెలు, లేబుళ్లు, పట్టీలు పోగుచేసేవారికీ, వాటి వెనకున్న చరిత్ర తెలుసుకోవాలనుకునేవారికీ తరచూ ఎదురయ్యే ప్రశ్నలు, వాటికి జవాబులు ఇవి. కొహీబా, మోంతేక్రిస్తో లాంటి నేటి పేర్ల గురించి చెప్పేవాళ్లకు కొదవ లేదు. ఇక్కడి మాట అంతా ఇప్పుడు దుకాణంలో కనిపించని పేర్ల గురించి, లేదా పేరు మిగిలి మనిషి మారిపోయిన వాటి గురించి.

మరుగున పడిన బ్రాండ్ అంటే సరిగ్గా ఏది?

మూడు రకాలవి ఉన్నాయి. తయారీ పూర్తిగా ఆగిపోయినవి మొదటి రకం.  క్యూబాలో ఆగిపోయి మరో దేశంలో కొనసాగినవి రెండో రకం. పేరు అదే ఉన్నా సరుకు స్థాయి దిగజారి, చేత్తో చుట్టే సిగార్ నుంచి చవక యంత్రపు సిగార్‌గా మారి, చివరికి జాబితాలోంచి జారిపోయినవి మూడో రకం. అన్నిటికంటే ఆసక్తికరం ఈ మూడోదే. కానీ దానికి పుట్టిన తేదీ దొరికినంత సులభంగా పోయిన తేదీ దొరకదు. బ్రాండ్ పుట్టినప్పుడు ప్రకటన వేస్తారు, పోయినప్పుడు ఎవరూ వేయరు.

అసలు క్యూబాలో అన్ని వందల బ్రాండ్లు ఎలా పుట్టుకొచ్చాయి?

స్పెయిన్ రాజు 1717లో క్యూబా పొగాకు మీద ప్రభుత్వ గుత్తాధిపత్యం పెట్టాడు. పండించిన రైతు తన ఆకును సర్కారుకే, సర్కారు చెప్పిన ధరకే అమ్మాలి. దాని మీద రైతులు పలుమార్లు తిరగబడ్డారు. 1723లో తిరుగుబాటును అణిచివేసి కొందరిని చంపి, మృతదేహాలను హవానా శివార్లలో వేలాడదీశారు. సరిగ్గా వందేళ్లు నడిచిన ఆ గుత్తాధిపత్యం 1817లో ఏడో ఫెర్దినాంద్ ఉత్తర్వుతో రద్దయింది. ఆ తర్వాతే హవానాలో చిన్నా పెద్దా కార్ఖానాలు వెలిశాయి. ఆకు దాదాపు అందరిదీ ఒకే చోటిది, ద్వీపానికి పశ్చిమాన పినార్ దెల్ రియో ప్రాంతంలోని వుయెల్తా అబాహో. ఆకు ఒకటే అయినప్పుడు కొనేవాడికి తేడా చూపించేది పేరు, పెట్టె మీది బొమ్మ. అందుకే పేర్లు అన్ని పుట్టాయి, బొమ్మలు అంత ఆడంబరంగా తయారయ్యాయి.

లేబుల్ మీద వేసిన స్థాపన సంవత్సరాన్ని నమ్మవచ్చా?

నమ్మకండి, రాసుకోండి. ఆ సంవత్సరం కార్ఖానా మొదలైనదా, పేరు నమోదైనదా, ఆ పేరును మొదట వాడిన వేరే యజమానిదా, లేక తాతగారు పొగాకు వ్యాపారంలోకి దిగినదా అన్నది లేబుల్ చెప్పదు. చెప్పకపోవడంలోనే దాని లాభం ఉంది. ఓయో దె మోంతెర్రేకి 1865, దాని యజమాని హోసే హెనెర్ కార్ఖానా లా ఎస్సెప్సియోన్‌కు 1867 అని రాస్తారు. కొన్ని చోట్ల ఈ రెండూ తారుమారవుతాయి. ఒకటి పేరు, ఇంకొకటి కార్ఖానా అని విడదీసి చూస్తే చిక్కుముడి విడిపోతుంది.

"మొట్టమొదట" అనే మాటతో మొదలయ్యే కథలన్నిటికీ ఇదే మందు. సిగార్‌కు కాగితపు పట్టీ చుట్టడం హవానా కార్ఖానాదారు గుస్తావో బోక్‌తో మొదలైందని, రంగుల లేబుళ్లను రామోన్ అల్యోనెస్ మొదలుపెట్టాడని, దేవదారు పెట్టెలు అప్‌మన్ వారి ఆలోచన అని ప్రతి పుస్తకమూ ఇంకో పుస్తకాన్ని చూసి రాస్తుంది. వాటిని "కంపెనీ సంప్రదాయం" అన్న శీర్షిక కింద పెట్టుకోండి. రష్యా రాణి వేళ్లకు మరక అంటకుండా పట్టీ పుట్టిందన్న కథను ఆ శీర్షిక కింద కూడా పెట్టనక్కరలేదు.

ఒక బ్రాండ్ ఎలా మాయమవుతుంది?

నాణ్యత లేక పోయినవి తక్కువ. చేతులు మారి పోయినవే ఎక్కువ. మూడు పెద్ద అలలు గుర్తుంచుకుంటే చాలు, మీ చేతిలో ఉన్న పేరు వాటిలో ఏదో ఒకదానికి చిక్కి ఉంటుంది.

మొదటిది కంపెనీల కలయిక. 1888లో లండన్ పెట్టుబడితో హెన్రీ క్లే అండ్ బోక్ కంపెనీ ఏర్పడింది. స్పెయిన్ పాలన ముగిసి అమెరికా సైన్యం హవానాలో ఉన్న రోజుల నుంచి 1902 దాకా, అమెరికన్ టొబాకో కంపెనీ అక్కడి పేరున్న కార్ఖానాలను ఒకటొకటిగా తన గుప్పిట్లోకి తెచ్చుకుంది. లా కొరోనా, కబాన్యాస్, హెన్రీ క్లే, బోక్, విల్యార్ ఇ విల్యార్, మూరియాస్ అందులోవే. ఒకే యజమాని చేతిలో అన్ని పేర్లు ఉంటే కొన్ని ముందుకొస్తాయి, మిగతావి అటకెక్కుతాయి. 1911లో అమెరికా సుప్రీంకోర్టు ఆ మహాసంస్థను విడగొట్టింది గానీ అప్పటికే అటకెక్కినవి దిగి రాలేదు.

రెండోది 1932. హవానాలో సమ్మెలు, అమెరికాలో దిగుమతి సుంకాలు రెండూ పెరిగేసరికి, ఆ కంపెనీ వారసులు లా కొరోనా, హెన్రీ క్లే వంటి వాటి తయారీని న్యూజెర్సీలోని ట్రెంటన్‌కు తరలించారు. ఆకు క్యూబాది, చుట్టేది అమెరికాలో. అప్పటిదాకా లా కొరోనా కార్ఖానా నడిచిన అల్దామా భవనం ఇప్పటికీ హవానాలో ఉంది. అందులో ఇప్పుడు క్యూబా చరిత్ర సంస్థ ఉంటుంది. సిగార్ చరిత్ర వెతుక్కుంటూ వెళ్లేవాడికి ఇంతకంటే తగిన చిరునామా ఉండదు.

మూడోది విప్లవం. 1960 సెప్టెంబర్ 15న ప్రభుత్వం సిగార్ పరిశ్రమను జాతీయం చేసింది. ఆ ఊపులో వందల పేర్లను పక్కనపెట్టి సిబోనీ అనే ఒకే పేరుతో, నాలుగే పరిమాణాల్లో సిగార్లు అమ్మాలని చూశారు. విదేశాల్లో కొనేవారు మొహం తిప్పుకోవడంతో పేరున్న పాత బ్రాండ్లను మళ్లీ తెచ్చారు. అన్నిటినీ తేలేదు. వందల్లో కొన్ని పదులే తిరిగొచ్చాయి. దాని వెంటనే 1962 ఫిబ్రవరిలో అమెరికా వాణిజ్య నిషేధం వచ్చి పడింది. అమెరికా కొనుగోలుదారుల మీదే బతికిన పేర్లకు అక్కడితో నూకలు చెల్లాయి.

ఒక్క బ్రాండ్‌ను మొదటి నుంచి చివరి దాకా చూపించగలరా?

కబాన్యాస్‌ను తీసుకుందాం. ఫ్రాన్సిస్కో కబాన్యాస్ హవానాలో చిన్న దుకాణం పెట్టుకున్నాడు. పేరు నమోదైంది 1810లో. గుత్తాధిపత్యం ఇంకా నడుస్తున్న రోజులవి. ఆ తర్వాత వ్యాపారం అల్లుడి వైపు వెళ్లింది. లేబుల్ మీద "ఇహా దె కబాన్యాస్ ఇ కర్బహాల్" అని కనిపించేది అందుకే: కబాన్యాస్ కూతురు, కర్బహాల్ అని అర్థం. ఇంటి పెళ్లి పెట్టె మూత మీద అచ్చయిందన్నమాట. కర్బహాల్ వంశంలోని లెయొపోల్దోకు స్పెయిన్ ప్రభుత్వం పినార్ దెల్ రియో మార్క్విస్ అనే బిరుదు ఇచ్చింది. ఆ మార్క్విస్ పేరు లేబుల్ మీద ఉంటే అది ఏ తరానిదో తెలిసిపోతుంది.

తర్వాత అమెరికన్ టొబాకో చేతికి, అక్కడి నుంచి ట్రెంటన్‌కు. అయినా క్యూబాలో ఆ పేరు పూర్తిగా చావలేదు. విప్లవం తర్వాత కూడా అక్కడ కబాన్యాస్ తయారైంది, కాకపోతే యంత్రంతో చుట్టిన చవక సరుకుగా. 2000 తర్వాతి దశకంలో అదీ ఆగిపోయింది. క్యూబాలో నమోదైన మొట్టమొదటి సిగార్ పేర్లలో ఒకటిగా చెప్పుకునేది, రెండు శతాబ్దాల తర్వాత ఎవరికీ చెప్పకుండా జాబితా నుంచి జారిపోయింది. దీన్ని "1810లో స్థాపన" అని ఒక్క ముక్కలో రాసి ఊరుకుంటే చరిత్ర రాసినట్టా?

పాత పెట్టె ఒకటి చేతికి వచ్చింది. ఎక్కడ మొదలుపెట్టాలి?

తిరగేయండి. మూత మీది బొమ్మ తర్వాత చూసుకోవచ్చు. పెట్టె అడుగున కాల్చి వేసిన ముద్రలు, సిరా ముద్రలే ముందుగా చదవాలి.

ఇంగ్లీషులో "మేడ్ ఇన్ హవానా, క్యూబా" అని ఉంటే స్థూలంగా 1960కి ముందుది. స్పానిష్‌లో "హెచో ఎన్ కూబా" అని ఉంటే విప్లవం తర్వాతిది. "తొతాల్మెంతె అ మానో", అంటే పూర్తిగా చేత్తో చేసినది అన్న మాట 1989 నుంచి కనిపిస్తుంది. ప్రభుత్వ పొగాకు సంస్థ కూబాతబాకో ముద్ర స్థానంలో సిగార్లు ఎగుమతి చేసే అబానోస్ సంస్థ ముద్ర వచ్చింది 1994లో.

1985 నుంచి పెట్టెల మీద రహస్య అక్షరాలు వేయడం మొదలుపెట్టారు. ఒక జత అక్షరాలు కార్ఖానాకు, మిగతావి నెలకూ సంవత్సరానికీ. ఆ లెక్కకు తాళంచెవి "నివెల్ అకూసో" అనే పది అక్షరాలు. స్పానిష్ వర్ణక్రమంలో ఎన్ 1, ఐ 2, వి 3, ఈ 4, ఎల్ 5, ఏ 6, సి 7, యు 8, ఎస్ 9, ఓ 0. పెట్టె మీద ఓ, ఏ, ఎస్, ఎల్ అని నాలుగు అక్షరాలు ఉంటే 0, 6, 9, 5 అన్నమాట, 1995 జూన్. 1990ల చివర్లో ఈ పద్ధతి మార్చేశారు. ఇప్పుడు నెల పేరే సూటిగా వేస్తున్నారు. ఈ లెక్క 1985 తర్వాతి పెట్టెలకే పనికొస్తుంది. 1920ల పెట్టె మీది అక్షరాలకు దీన్ని అంటగట్టవద్దు.

ఆపైన పెట్టె అంచు మీద అతికించిన పచ్చ కాగితం చూడండి. క్యూబా ప్రభుత్వ హామీ ముద్ర అది. 1912 జూలై చట్టంతో వచ్చింది, 1931లో రూపం మారింది, 1999లో ఎర్ర అంకెలు చేరాయి, 2009లో హోలోగ్రామ్ వచ్చింది. స్పానిష్‌తో పాటు ఇంగ్లీషు, ఫ్రెంచి, జర్మన్ భాషల్లోనూ హామీ ఉంటుంది. చిరిగి సగమే మిగిలినా ఏ కాలపు నమూనానో పోల్చుకోవచ్చు.

పెట్టె లేదు, ఒక్క లేబుల్ మాత్రమే ఉంది. దాని కాలం ఎలా తేల్చాలి?

ముందు పతకాలు చూడండి. పందొమ్మిదో శతాబ్దపు కార్ఖానాదారులకు అంతర్జాతీయ ప్రదర్శనల్లో వచ్చిన పతకాలను లేబుల్ మీద గుదిగుచ్చడం మహా ఇష్టం. లండన్ 1862, పారిస్ 1867, ఫిలడెల్ఫియా 1876, పారిస్ 1878, ఇలా సంవత్సరాలతో సహా ఉంటాయి. 1878 పతకం ఉన్న లేబుల్ అంతకు ముందు అచ్చయ్యే వీల్లేదు. అన్నిటికంటే చివరి పతకం మీకు ఒక హద్దు. రెండో వైపు హద్దు రాజచిహ్నాల నుంచి దొరకవచ్చు. స్పెయిన్ రాజమందిరానికి సరఫరాదారులమని చెప్పుకునే మాట, "ఇస్లా దె కూబా" అన్న మాట సాధారణంగా స్పెయిన్ పాలన నాటివి. "రిపబ్లికా దె కూబా" ఉంటే 1902 మే 20 తర్వాతిదే. దేశం పేరు ఇంగ్లీషులో ప్రత్యేకంగా వేసి ఉంటే 1890 నాటి అమెరికా సుంకాల చట్టం గుర్తుకు రావాలి. దిగుమతి సరుకు మీద తయారైన దేశం పేరు ఉండాలన్న నిబంధన దానితోనే వచ్చింది.

తర్వాత భూతద్దం తీసుకుని బుగ్గ దగ్గరో, ఆకాశం దగ్గరో చూడండి. రాతి మీద గీసి అచ్చువేసిన పాత లిథో అయితే చుక్కలు చేత్తో పెట్టినట్టు ఎగుడుదిగుడుగా, ఒక్కో రంగుకూ విడివిడిగా కనిపిస్తాయి. చుక్కలన్నీ వరసగా, జల్లెడ పట్టినట్టు ఉంటే ఫొటోతో చేసిన తర్వాతి కాలపు ముద్రణ, లేదా నిన్నమొన్నటి నకలు. పాతవాటిలో బంగారు రంగు పొడి అద్ది, వెనక నుంచి ఉబ్బెత్తుగా నొక్కి ఉంటుంది. వేలితో తడిమితే తెలుస్తుంది.

ఒక హెచ్చరిక. సంతల్లోనూ ఆన్‌లైన్‌లోనూ దొరికే కొత్తగా మెరిసే పాత లేబుళ్లలో చాలావరకు ముద్రణాలయాల గోదాముల్లో వాడకుండా మిగిలిపోయినవి. లేబుల్ ఉన్నంత మాత్రాన ఆ బ్రాండ్ సిగార్ అమ్ముడైందని రుజువు కాదు. అమెరికాలోనైతే ముద్రాపకులు బొమ్మ ముందే వేసి ఉంచి, అడిగినవాడి పేరు తర్వాత అచ్చు కొట్టి ఇచ్చేవారు. ఒకే సుందరి బొమ్మ మూడు పేర్లతో కనిపిస్తే ఆశ్చర్యపోకండి.

పెట్టె మీద "హవానా" అని ఉంది. క్యూబాలో తయారైనట్టేనా?

కాకపోవచ్చు. క్యూబాలో స్వాతంత్ర్య యుద్ధం మొదలయ్యాక కార్ఖానాదారు విసెంతె మార్తీనెస్ ఇబోర్ తన ఎల్ ప్రిన్సిపె దె గాలెస్ బ్రాండ్ తయారీని 1869లో ఫ్లోరిడాలోని కీ వెస్ట్‌కు మార్చాడు. 1886లో టాంపాకు వెళ్లాడు. అక్కడ ఇబోర్ సిటీ అతని పేరిటే వెలిసింది. క్యూబా ఆకును క్యూబా పనివాళ్ల చేత ఫ్లోరిడాలో చుట్టించి "క్లియర్ హవానా" పేరుతో అమ్మేవారు. పూర్తి సిగార్ మీద కంటే ఆకు మీద సుంకం తక్కువ, అసలు కిటుకు అది.

వీటిని పట్టుకోవడం తేలిక. అమెరికాలో తయారైన ప్రతి పెట్టె మీదా కార్ఖానా సంఖ్య, పన్ను జిల్లా పేరు ఉండి తీరాలి. అంతర్గత పన్ను చట్టం అలా చెప్పింది. ఫ్లోరిడా జిల్లా అని కనబడితే మీ వెతుకులాట హవానా నుంచి టాంపాకు మారుతుంది. అక్కడి సౌత్ ఫ్లోరిడా విశ్వవిద్యాలయం గ్రంథాలయంలో సిగార్ లేబుళ్ల సేకరణ ఉంది.

ఒకే బ్రాండ్ పేరు క్యూబాలోనూ డొమినికన్ రిపబ్లిక్‌లోనూ ఎందుకు కనిపిస్తుంది?

జాతీయం చేసిన తర్వాత యజమాని కుటుంబాలు దేశం విడిచి వెళ్లాయి. కార్ఖానా వెంట రాలేదు, పేరు మీది హక్కు మాత్రం తమదేనని వాదించాయి. అమెరికా కోర్టులు చాలావరకు ఆ వాదనను ఒప్పుకున్నాయి. సిఫుయెంతెస్ కుటుంబం పర్తగాస్ పేరును, పాలిసియో కుటుంబం ఓయో, పంచ్ పేర్లను అమెరికా మార్కెట్‌కు అలా తీసుకెళ్లారు. కాబట్టి ఒక పేరుకు 1960 తర్వాత రెండు వంశావళులు గీయాలి. ఏది అసలు అనే తగువులో దిగితే బయటపడలేరు.

పాత పత్రికల్లో పేరు వెతికితే ఏమీ రావడం లేదు. ఎందుకు?

వర్ణక్రమం. స్పానిష్ "ఎన్" మీది అలను ఇంగ్లీషు పత్రికలు వదిలేస్తాయి, స్కాన్ చేసిన యంత్రం ఇంకేదో చదువుతుంది. కబాన్యాస్‌ను కబానా అని, కర్బహాల్‌లో బి బదులు వి అని వేసినవి కోకొల్లలు. లా ఎస్సెప్సియోన్ పేరును హెనెర్ ఎక్స్ లేకుండా, ఎస్ తోనే నమోదు చేశాడు. శుద్ధమైన స్పానిష్‌లో వెతికేవారికి అందుకే అది దొరకదు. "లా ఫ్లోర్ దె" అనే ఉపసర్గ ఉన్నవాటిని దాన్ని తీసేసి కూడా వెతకండి. అప్పటికీ రాకపోతే పేరు వదిలేసి వీధి పేరు, యజమాని ఇంటిపేరు పట్టుకోండి.

ఎక్కడ వెతకాలి?

హవానా దినపత్రిక దియారియో దె లా మారీనా 1844 నుంచి 1960 దాకా వెలువడింది. దాని సంచికలు చాలావరకు ఫ్లోరిడా విశ్వవిద్యాలయం ద్వారా ఇంటర్నెట్‌లో ఉచితంగా చూడవచ్చు. నా దృష్టిలో ఇంతకు మించిన గని లేదు. కార్ఖానా అమ్మకాలు, సమ్మెలు, యజమానుల మరణవార్తలు అన్నీ అందులో ఉంటాయి. న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీలో జార్జ్ ఆరెంట్స్ ఇచ్చిన పొగాకు సేకరణ పెద్దది. అమెరికా పేటెంట్ కార్యాలయం 1872 నుంచి వెలువరిస్తున్న గెజిట్‌లో ట్రేడ్‌మార్కుల నమోదు దొరుకుతుంది. హవానా వెళ్లగలిగితే పాత పట్టణంలో మెర్కాదెరెస్ వీధిలోని పొగాకు మ్యూజియం, హోసే మార్తీ జాతీయ గ్రంథాలయం చూడండి.

లా ఒన్రాదెస్ లేబుళ్లు అందంగా ఉన్నాయి. అదీ సిగార్ బ్రాండేనా?

కాదు, సిగరెట్లది. లూయిస్ సుసీనీ 1853లో మొదలుపెట్టిన ఆ కార్ఖానా సిగరెట్ పొట్లాల మీద రంగురంగుల బొమ్మల వరసలు అచ్చువేయించి పేరు తెచ్చుకుంది. స్పానిష్‌లో సిగార్రో అంటే సిగరెట్టు. అమ్మేవాళ్లు ఇక్కడే పొరబడి సిగార్ లేబుల్ అని రాస్తారు. కాగితం పరిమాణం చూస్తే చాలు, తేలిపోతుంది.

హవానా బ్రాండ్లు మన దేశానికి వచ్చాయా? మన లంక చుట్టలతో ఏమైనా సంబంధం ఉందా?

వచ్చాయి. కిప్లింగ్ 1880లలో ఇక్కడ ఉండగా రాసిన ఒక కవితలో ఒకే పంక్తిలో లర్రాన్యాగా, హెన్రీ క్లే పేర్లు రెండూ ఉన్నాయి. పత్రిక చదివే దొరలకు వివరించి చెప్పనక్కరలేనంత పరిచయమైన పేర్లన్నమాట. వాటిలో పోర్ లర్రాన్యాగా 1834 నాటిది, హెన్రీ క్లే ఒక అమెరికా రాజకీయ నాయకుడి పేరు.

లంక చుట్టలతో బంధుత్వం లేదు. గోదావరి లంకల పొగాకుతో చుట్టిన వాటికి మద్రాసు ప్రెసిడెన్సీ అంతటా గిరాకీ ఉండేది. 1886 నాటి హాబ్సన్-జాబ్సన్ నిఘంటువు వాటిని విడిగా ప్రస్తావించింది. అక్కడ ఆకు పండిన చోటే పేరు. క్యూబాలో అందరి ఆకూ ఒకే చోటిది కాబట్టి కార్ఖానాదారు పేరు పెట్టుకోక తప్పలేదు. పాత బంగళాలో దొరికిన దేవదారు పెట్టె హవానాది అనుకునే ముందు, మద్రాసు స్పెన్సర్ వారి దిండిగల్ సిగార్లదేమో చూడండి. దక్షిణాదిలో వాటి పెట్టెలకే ఎక్కువ అవకాశం.

స్పానిష్ రాకుండా ఈ పని చేయవచ్చా?

చేయవచ్చు. ప్రకటనలు, లేబుళ్లలో వాడే మాటలు నలభై యాభైకి మించవు. ఫాబ్రికా అంటే కార్ఖానా, మార్కా అంటే బ్రాండ్, వియూదా అంటే వితంతువు, ఇహోస్ అంటే కొడుకులు, సొబ్రినోస్ అంటే మేనల్లుళ్లు లేదా అన్నదమ్ముల పిల్లలు. చివరి మూడూ బాగా గుర్తుంచుకోండి. సంస్థ పేరులోకి అవి వచ్చాయంటే అసలు యజమాని పోయాడనో, తప్పుకున్నాడనో సూచన.

పెట్టెలో పాత సిగార్లు మిగిలి ఉన్నాయి. కాల్చవచ్చా?

వద్దు. ఆరోగ్యం మాట అటుంచి, మూత తెరిచి పచ్చ ముద్ర చింపితే మీ సాక్ష్యం మీరే పాడుచేసుకున్నవారవుతారు. పురుగు పట్టిన జాడ, సన్నటి రంధ్రాలు కనిపిస్తే మాత్రం మిగతా సేకరణకు దూరంగా, గాలి చొరని సంచిలో వేసి పెట్టండి.

నా లేబుల్ విలువ ఎంత ఉంటుంది?

ఇక్కడ ధరలు చెప్పం. ఫొటో తీసేటప్పుడు మాత్రం అంచులు, వెనకవైపు, మూలలో చిన్న అక్షరాల్లో ఉండే ముద్రాపకుడి పేరు కనబడేలా తీయండి. హవానా లిథో కంపెనీదైతే, ఆ సంస్థ 1907లో ఏర్పడింది కనుక లేబుల్ కాలానికి మరో హద్దు దొరికినట్టే.